మైకు అంగడి మారెప్పన్న, ఉలిగమ్మ కొడుకు

లవంగం వాసన వస్తే నేను ఇప్పటికీ చేస్తున్న పని ఆపేస్తాను. నిన్న పొద్దున కూడా అంతే. పలావు చేద్దామని డబ్బా మూత తీశానో లేదో, ఆ ఘాటు ముక్కుకు తగిలింది. ఆదోని మార్కెట్ వెనక సందు, ఆ సందులో కిటికీ లేని చిన్న గది, ప్రతిధ్వని రాకుండా గోడలనిండా అతికించిన కోడిగుడ్ల అట్టలు, మధ్యలో స్పాంజి తొడిగిన మైకు, దాని ఎదుట దవడలో లవంగం దాచుకొని కూర్చున్న మారెప్పన్న, అన్నీ కలిసి మీద పడ్డాయి. స్టవ్ కట్టేసి గడప మీద కూర్చుండిపోయాను. పలావు మధ్యాహ్నం దాటాక గానీ కాలేదు. ఇంట్లోవాళ్లు అడిగితే గ్యాస్ సన్నగా వస్తోందని చెప్పాను.

నా బ్లాగు చదివేవాళ్లు కొందరు తరచూ ఒక ప్రశ్న పంపుతారు. రాయడం ఎట్లా మెరుగుపరుచుకోవాలి, మీరెక్కడ నేర్చుకున్నారు, ఏదైనా కోర్సు ఉంటే చెప్పండి అని. ఏం చెప్పను? చావు చాటింపులు రాసే అంగడిలో నేర్చుకున్నానంటే వేళాకోళం అనుకుంటారు. మా వైపు మనిషి పోతే ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పుతారు. ఆ మైకులో వచ్చే మాటలు ఎవరో ఒకరు రాయాలి, ఎవరో ఒకరు చదవాలి. ఆదోనిలో ఆ పని చేసేది మారెప్పన్న. చీరల తగ్గింపు ధరలు, తప్పిపోయిన బర్రె, రేపు కరెంటు ఉండదన్న కబురు, ఎన్నికల ఊదర, అన్నీ ఆయన అంగడిలోనే రికార్డయ్యేవి. కానీ ఆయన మనసుపెట్టి చేసింది మాత్రం చావులే. మిగతావాటికి అరిచేవాడు. చావులకు మాట్లాడేవాడు.

తెలుగు ఎమ్మే చేసి, ఎమ్మిగనూరులో మా ఇంట్లో ఖాళీగా కూర్చొని, ఎవరూ చదవని బ్లాగొకటి రాసుకుంటున్న రోజుల్లో, ఏదో పనిమీద ఆదోనికి పోయినప్పుడు ఆ అంగడి తలుపు మీద సుద్దతో రాసిన మాట చూశాను. 'ఆడ గొంతు కావాల' అని ఉంది. నవ్వొచ్చింది. నవ్వుతూనే లోపలికి పోయాను. మా నాన్న గుళ్లో అర్చన చేస్తారు. చాటింపు అంగడిలో పని అనగానే అమ్మ మొహం మాడ్చుకుంది. "పొద్దున లేస్తే చావు మాటలు నోట్లో పెట్టుకుంటావా పద్దూ, రేపు నిన్ను ఎవరు చేసుకుంటారు" అంది. ఎవరూ చేసుకోకపోతే నీ దగ్గరే ఉంటాలే అని బస్సెక్కాను. నాకు మొదటినుంచీ నోరు కాస్త ఎక్కువే.

చేరిన కొత్తల్లోనే కౌతాళం వైపునుంచి ఒకాయన వచ్చాడు. వాళ్లన్న పోయాడు. మారెప్పన్న నా వైపు కాగితం తోసి, రాయమన్నాడు. నేను ఎమ్మే చదివినదాన్ని కదా, ఊపు మీద రాశాను. 'మిక్కిలి చింతిస్తూ తెలియజేయునది ఏమనగా, మృదుస్వభావులు, అజాతశత్రువు, మనందరికీ ఆప్తులు' అంటూ పోయింది. ఆయన చదివి, లవంగం ఒక దవడనుంచి ఇంకో దవడకు మార్చుకున్నాడు. కోపం వస్తే అట్లా మార్చేవాడని తర్వాత తెలిసింది.

"చింతిస్తాండేది ఎవురు పద్మమ్మా? నువ్వా?"

నేను పెన్ను మూత పెట్టాను.

"ఆటో పోతాంటాది. కొళాయి కాడ ఒకామె బిందె పట్టుకోని నిలబడి ఉంటాది. ఆటో ఆమె ముందర దాటిపోయే లోపల ఆమె చెవిలో పడేది నాలుగు మాటలే. యా ఊరు, ఎవురి కొడుకు, పేరేంది, మట్టి సేసేది ఎప్పుడు. ఇంగ ఈ మృదుస్వభావం ఎవురిక్కావాలమ్మా? ఆయప్ప మెత్తనోడో గట్టోడో ఆమెకు ఎరుకే."

"పేరు ముందు చెప్పాలి కదన్నా?" అన్నాను.

"సెప్పగూడదు. మా కాడ ఇంటికొక మారెప్ప, ఈదికొక ఈరన్న. ఉత్త పేరు ఎవురికీ తగలదు. ముందు ఊరు సెప్పు, మనిషి నడిసేది ఆపుతాడు. ఎవురి కొడుకో సెప్పు, చెవి ఇటు తిప్పుతాడు. అప్పుడు పేరు సెప్పు."

ఆ కాగితం మీద చివరికి మిగిలింది మూడు వరుసలు. అవి మైకులో చదువుతుంటే, నా వెనక నిలబడ్డ ఆ తమ్ముడు అంతవరకూ బిగపట్టుకున్నవాడు గోడ పట్టుకొని ఏడ్చాడు. నా మృదుస్వభావానికి ఏడవలేదు. అన్న పేరుకు, నాయన పేరుకు ఏడ్చాడు.

నా బ్లాగు సంగతి ఆయనకు ఎట్లా తెలిసిందో గానీ, ఒకరోజు పని లేనప్పుడు, "ఏందో రాస్తాండావంటనే ఫోన్లో. మైకు ముందర సదువు, ఇంటాం" అన్నాడు. ఎమ్మిగనూరు మగ్గాల మీద రాసిన పోస్టు తీశాను. దానిమీద నాకు చాలా ప్రేమ. మొదటి వాక్యం సగానికి వచ్చేసరికి ఊపిరి అయిపోయింది. మళ్లీ పీల్చుకొని మొదలుపెట్టాను, మళ్లీ అయిపోయింది. ఆయన రికార్డు ఆపి, నాదే నాకు వినిపించాడు. నా రాత నాకే రోత పుట్టింది. ఒక వాక్యంలో నేత, చరిత్ర, ఆకలి, ఆకాశం, కన్నీరు అన్నీ కుక్కాను. మగ్గం మాత్రం ఎక్కడా కనబడలేదు.

"రాసిన నీకే ఊపిరాడకపోతే సదివేటోని గతి ఏంది? నీ ఊపిరి యాడ తెగితే ఆడ చుక్క పెట్టు" అన్నాడు. ఆ తర్వాత నేను రాసిన ప్రతి పోస్టూ ఆ గుడ్ల అట్టల గదిలో పైకి చదివాకే బయటికి పోయింది. ఆయన మెచ్చుకున్నది తక్కువ. బాగుంటే ఏమీ అనకుండా ఫ్యాన్ వేసేవాడు. రికార్డింగులో చప్పుడు వస్తుందని ఆ గదిలో ఫ్యాన్ ఎప్పుడూ ఆగి ఉండేది. ఫ్యాన్ తిరిగిందంటే పోస్టు పాసైనట్టు. ఎండాకాలంలో నేను గాలి కోసమైనా బాగా రాయాల్సి వచ్చింది.

మా పడమటి ఊళ్లలో పంటలు చేతికి రాని ఏడు జనం మిరపకోతలకు గుంటూరు వైపు పోతారు. దాన్ని మేము సుగ్గి అంటాం. కన్నడంలో సుగ్గి అంటే పంటల పండగ. ఇక్కడ పండక, ఇంకెవరి పంటో కోయడానికి ఊరు విడిచిపోవడానికి ఆ పేరు మిగిలింది. పత్రికలు వలస అంటాయి. నేనూ బ్లాగులో వలస అనే రాసేదాన్ని. "మీ వీధిలోళ్లు ఏమంటారు" అని అడిగాడు. సుగ్గి అంటారన్నాను. "మల్ల ఎవురి కోసం మార్సినావు?" అన్నాడు. సుగ్గి అని మార్చి రాశాను.

ఆ ఏడే హాలహర్వి వైపు పల్లెనుంచి సుగ్గికి పోయినవాళ్లు తిరిగి వస్తుండగా టెంపో బోల్తాపడింది. పోయినవాళ్లంతా ఆడవాళ్లే. పొద్దున్నించీ బంధువులు ఒకరి తర్వాత ఒకరు అంగడికి వస్తూనే ఉన్నారు. కొందరి చొక్కాల మీద నెత్తురు కూడా ఆరలేదు. మధ్యాహ్నానికి నా గొంతు బొంగురుపోయింది. అందరిదీ ఒకే ఊరు, ఒకే మట్టి కదా అని, "అన్నీ కలిపి ఒక్కటే రికార్డు చేద్దాం అన్నా" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. కోపమైతే ఎదురు చెప్పేదాన్ని.

"సచ్చింది కలిసే పద్మమ్మా. పుట్టింది ఏరేరుగా పుట్టినారు. నీకు గొంతు లేకపోతే నేను సదువుతా, జరుగు."

జరగలేదు. అన్నీ నేనే చదివాను. ఒక్కొక్కామె పేరు, ఎవరి భార్యో, ఎవరి తల్లో. చివరిలో ఒక ముసలాయన వచ్చి చెల్లెలి పేరు చెప్పాడు. భర్త పేరు అడిగాను. ఆయన నేలకేసి చూశాడు. వినబడలేదేమోనని మళ్లీ అడిగాను. మారెప్పన్న నా చేతిలోంచి కాగితం తీసుకొని, "వాళ్లమ్మ పేరు సెప్పప్పా, సాలు" అన్నాడు. తిమ్మక్క కూతురు అని రాశాడు. ముసలాయన చేతులెత్తి దణ్ణం పెట్టి పోయాడు.

ముసలాయన పోయాక మారెప్పన్న మైకు కట్టేశాడు. తర్వాత ఆయనే చెప్పాడు. ఆ చనిపోయినామె బసివి. మగపిల్లలు లేని ఇంట్లో ఒక ఆడపిల్లను దేవుడికి వదిలేస్తే ఆమె బసివి. పెళ్లి ఉండదు. పుట్టింట్లోనే కొడుకులా ఉండి తల్లిదండ్రుల్ని సాకాలి. ఆమెకు బిడ్డలు పుడతారు. వాళ్లకు తండ్రి ఉండడు, ఉన్నా పేరుకు రాడు. చట్టం వద్దన్నా మా వైపు అది చాలాకాలం ఆగలేదు.

"మా యమ్మ ఉలిగమ్మ కూడా బసివే" అన్నాడు.

ఎప్పుడూ మైకులో మోగే గొంతు అప్పుడు పక్కనున్న నాకే సరిగ్గా వినబడలేదు.

"నన్ను బడిలో ఏసేటప్పుడు అయ్యవారు నాయన పేరేంది అని అడిగినాడు. మా యమ్మ ఏం సెప్తాది? దేవుడే సామీ అనింది. ఆయన యా దేవుడు అన్నాడు. మా ఊర్లో ఉండేది ఆంజనేయసామి గుడి. అట్ల నేను ఆంజనేయులు కొడుకునైనా." నవ్వాడు. "రేప్పొద్దున నేను పోతే మా ప్రసాదు ఏం రాయిస్తాడో ఎరికేనా? కీర్తిశేషులు ఆంజనేయులు గారి కుమారుడు అని. చిరంజీవిని పట్టుకోని కీర్తిశేషుణ్ణి చేసిన మొగోణ్ణి నేనే."

నేను నవ్వలేకపోయాను. వాళ్లమ్మ పోయినప్పుడు ఆయన కుర్రవాడు, ఇంకొకరి మైకు అంగడిలో పనివాడు. ఎవరి పెండ్లామని చెప్పాలో తెలియక ఆ యజమాని చాటింపే వేయనన్నాడట. నలుగురు మోసుకుపోయి పూడ్చారు. తనను సాకిన చిన్నమ్మ ఈరమ్మ ఒక్కతే ఇంకా హాలహర్వి పక్కనున్న వాళ్ల పల్లెలో బతికి ఉంది. ప్రతి అమావాస్యకూ ఆమెకు తమలపాకులూ పొగాకూ తీసుకుపోయి ఇచ్చి, ఒక పూట రొట్టె తిని వచ్చేవాడు. కొడుకు ప్రసాద్ ఎమ్మిగనూరులో టీచరు. వాళ్ల అత్తవారు పరువుగలవాళ్లు. వాళ్లకు ఈ సంగతులేవీ తెలియవు. ఈరమ్మ అనే మనిషి ఉన్నట్టు కూడా తెలియదు.

మారెప్పన్న గొంతులో నొప్పి అని లవంగాలు ఎక్కువ చేశాడు. మాట్లాడీ మాట్లాడీ అట్లా అయిందని అందరం అనుకున్నాం. కర్నూలు ఆసుపత్రిలో క్యాన్సరని చెప్పేటప్పటికి ముదిరిపోయింది. ఆపరేషన్ చేసి గొంతుకు రంధ్రం పెట్టారు. ఊళ్లన్నీ తిరిగిన గొంతు అట్లా పోయింది. చూడడానికి పోతే ఫోనులో టైపు చేసి నా ముందు పెట్టాడు. 'అంగడి మూయద్దు. కొత్త పోస్టు రాసినావా.' ఆ స్థితిలో ఈయనకు నా పోస్టు కావాలా అని ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. పోస్టు చదివి వినిపించాను. అక్కడ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది కాబట్టి బాగుందో లేదో తెలియలేదు. అడిగితే, 'రెండో పేరా నీది కాదు. యాడనో సదివినావు' అని టైపు చేశాడు. నిజమే, ఎక్కడో చదివిందే.

చిన్నమ్మను చూడడం మానేశాడు. గొంతు లేని మొహం ఆమెకు చూపించనన్నాడు. ఆమె ఊళ్లో కబురు అందించే నలుగురూ సుగ్గికి పోయారు, ఆమెకు ఫోను లేదు. 'నేను పోయినట్టు ఆమెకు మైకే సెప్పాల. అందుకే నాది నువ్వు రాయి. సరిగ్గా రాయి' అని పంపాడు. నేను రాయనన్నాను. బతికున్న మనిషికి చాటింపేమిటని అరిచాను. ఆయన మళ్లీ అదే మాట పంపాడు. కింద ఇంకొక వరుస. 'మా యమ్మ పేరు మైకులో ఒక్కసారన్నా ఇనపడాల.'

రాశాను. మొదటి రెండు మాట్లు నా ఏడుపంతా అందులో పోశాను, ఆయన కొట్టేశాడు. చివరికి మిగిలింది ఇది. 'హాలహర్వి పక్క పల్లె, బసివి ఉలిగమ్మ కొడుకు, ఈరమ్మ అక్క కొడుకు, ఆదోని మైకు అంగడి మారెప్ప చనిపోయినాడు. ఈ పొద్దు సాయంత్రం ఆదోనిలో మట్టి.' బసివి అనే మాట తీసేద్దామా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. తీస్తే మా యమ్మను మళ్లీ దాచినట్టే అని టైపు చేశాడు.

ఒకరోజు ఓపిక చేసుకొని అంగడికి వచ్చాడు. నేను మైకు ముందు, ఆయన ఎదుట ఎప్పుడూ కూర్చునే చోట. బతికున్న మనిషి కళ్లలోకి చూస్తూ అతను చనిపోయాడని చదవాలి. రెండుసార్లు గొంతు వణికింది. రెండుసార్లూ చెయ్యెత్తి ఆపాడు. మూడోసారి సరిగ్గా వచ్చింది. లేచి, గోడ పట్టుకుంటూ పోయి ఫ్యాన్ వేశాడు.

ప్రసాద్‌ను పిలిపించి, తను పోతే ఆ రికార్డే వేయాలని నా ముందే చెప్పాడు. అంటే, టైపు చేసి చూపించాడు. ప్రసాద్ చెడ్డవాడు కాదు. తండ్రి గొంతు దగ్గర గొట్టం తనే కడిగేవాడు. ఫోను చదివి, "అట్లనే లే నాన్నా, నువ్వు ముందు మందులేసుకో" అన్నాడు. అంటూ నా వైపు చూడలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

మారెప్పన్న పోయిన పొద్దున ప్రసాద్ నాకు ఎమ్మిగనూరుకు ఫోన్ చేశాడు. "నాన్న పోయినాడక్కా" అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నేను చదివిన చాటింపు ఉన్న పెన్ డ్రైవ్ అంగడి సొరుగులో ఉందని చెప్పాను.

"అది ఏసేది లేదక్కా. మా అత్తగారోళ్లంతా బయల్దేరినారు. ఇన్నాళ్లు లేనిది ఈ పొద్దు ఈదులో ఆ మాట ఎందుకు? మామూలుగా ఒకటి రాసినా. నువ్వు సదివితే బాగుంటాది."

"నేను చదవను ప్రసాద్. మీ నాన్న ఏం కోరినాడో నీకు తెలుసు."

"నాయన పోయినాడు. నేను ఇంగ ఈ ఊర్లల్లోనే బతకాల గదక్కా" అన్నాడు.

అయినా చదవనన్నాను. అతను ఫోనులో ఉండే యంత్రం గొంతుతో రికార్డు చేసుకున్నాడు. నేను బస్సు దిగి సందులోకి వచ్చేసరికే ఆటో వెళ్లిపోయింది. ఆ వైపు పల్లెలన్నీ తిప్పాలని మారెప్పన్న ముందే డ్రైవర్‌కు రాసిచ్చి పెట్టాడు. అందులో అతని తప్పేమీ లేదు, ఇచ్చింది వేశాడు. తిరిగొచ్చాక నేనూ విన్నాను. 'ఆదోని వాస్తవ్యులు, కీర్తిశేషులు ఆంజనేయులు గారి కుమారులు, శ్రీ మారెప్ప గారు స్వర్గస్థులైనారని తెలియజేయుటకు మిక్కిలి చింతిస్తున్నాము.' ఆ యంత్రానికి ఎక్కడ ఆగాలో తెలియదు. మారెప్ప, గారు, స్వర్గ, స్థులు అని ముక్కలు చేసి చదివింది.

"హాలహర్వి పక్క పల్లెలో తిప్పినావా?" అని డ్రైవర్‌ను అడిగాను.

"తిప్పినానక్కా. ప్రతి సందూ తిప్పినా."

సాయంత్రం శ్మశానం గేటు దగ్గర నిలబడ్డాను. ప్రతి ఆటోలోకీ తొంగిచూశాను. ఈరమ్మ రాలేదు. ఇంకాసేపు ఆగుదాం ప్రసాద్ అన్నాను. "అందరికీ సెప్పినాం గదక్కా, పొద్దు పోతాండాది" అన్నాడు. మట్టి వేశారు. నేనూ ఒక పిడికెడు వేశాను.

మరుసటి పొద్దున బస్సెక్కి ఆ పల్లెకు పోయాను. సుగ్గి రోజులు. సగం ఇళ్లకు తాళాలు, తాళాలు లేనివాటికి అడ్డంగా ముళ్లకంపలు. ఒక కుక్క కూడా మొరగలేదు. గుడి వెనక ఇల్లు అని ఎవరో పిల్లవాడు చూపించాడు. ఈరమ్మ అరుగు మీద చాటలో కందులు ఏరుతోంది. ఆదోని మైకు అంగడినుంచి వచ్చానని చెప్పగానే చాట పక్కకు పెట్టి, చీర కొంగుతో అరుగు తుడిచింది.

"మా మారెప్ప పంపినాడా? కూసో తల్లీ. వాడు రెండు అమాసల్నుంచి రాల్య. ఆకులు అయిపోయినాయి. ఎట్లుండాడు?"

దారిపొడుగునా ఎన్ని మాటలు కూడబెట్టుకున్నానో. ఒక్కటీ రాలేదు. ఆయన కొట్టేసి మిగిల్చిన ఆ మాటలే నోటికి వచ్చాయి. హాలహర్వి పక్క పల్లె, బసివి ఉలిగమ్మ కొడుకు, ఈరమ్మ అక్క కొడుకు, ఆదోని మైకు అంగడి మారెప్ప చనిపోయినాడు. చివరి వరుస మాత్రం మార్చి చెప్పాల్సి వచ్చింది. నిన్న సాయంత్రం మట్టి అయిపోయింది.

ఆమె చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. ఏడవలేదు. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. చాటలోకి చూస్తూ మాట్లాడింది.

"నిన్న పొద్దున మైకు ఆటో ఒకటి ఈ ముందరనే పోయిందమ్మా. మారెప్ప అని ఇనపడింది. గుండె దడుక్కుమనింది. మల్ల, ఆంజనేయులు కొడుకు అని సెప్పె. అప్పుడు నిమ్మళమాయ. మా వానికి నాయన లేడు గదా, వీడు వేరే మారెప్ప అనుకున్యా. పాపం ఎవురి బిడ్డో అని చెయ్యెత్తి మొక్కినా."

ఆమె పక్కన ఆ అరుగు మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఇద్దరం కలిసి ఆ కందులు ఏరాం. వేరే ఏం చేయాలో మాకు తెలియలేదు.

ఆయన ఒప్పుకున్న చాటింపును ఒక్క అక్షరం మార్చకుండా బ్లాగులో పెట్టాను. తీసేయమని ప్రసాద్ ఒకసారి అడిగాడు. తీయలేదు. అతను మళ్లీ అడగలేదు, నాతో మాట్లాడడమూ లేదు. రాయడం ఎట్లా మెరుగుపరుచుకోవాలని అడిగేవాళ్లకు నేను ఇవ్వగలిగిన జవాబు ఇంతే. నా పోస్టులు ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు చదువుతారు, మెచ్చుకుంటారు, సంతోషమే. కానీ రాసేటప్పుడు నా ఎదుట కూర్చునేది చదువు రాని, ఫోను లేని ఈరమ్మ. నేను రాసేది ఆమెవాళ్ల గురించైతే, అది తనవాళ్ల గురించేనని ఆమెకు తెలియాలి. ఎవరికోసమో అందంగా మార్చి రాసి, ఆమె చేత సొంత బిడ్డకు పరాయి శవానికి మొక్కినట్టు మొక్కిస్తే, ఆ రాత నాకొద్దు.